నిన్నటిదాకా నడిచిన జీడీబీ స్క్రిప్ట్ ఇవాళ ఆగిపోతే: కారణమైన కమిట్‌ను పట్టుకోవడం ఎలా

నానక్‌రామ్‌గూడలోని మా ల్యాబ్‌లో ఒక స్క్రిప్ట్ ఉంది. రాత్రంతా బోర్డుల మీద టెస్టులు నడుస్తాయి. ఏదైనా బోర్డు క్రాష్ అయితే ఈ స్క్రిప్ట్ జీడీబీలో (ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతోందో చూపించే డీబగ్గర్) నడిచి రిజిస్టర్లు, స్టాక్, చివరగా మెమరీ డంప్ తీసి ఫైల్‌లో పెడుతుంది. ఏళ్ల తరబడి దాని జోలికి ఎవరూ వెళ్లాల్సిన పని పడలేదు. ఉబుంటు 18.04 ఉన్న పాత మెషీన్ తీసేసి 20.04 ఉన్న కొత్త మెషీన్ పెట్టిన మర్నాడు పొద్దున వచ్చి చూస్తే రిజిస్టర్లు ఉన్నాయి, స్టాక్ ఉంది, డంప్ లేదు. ల్యాబ్ చూసుకునే కుర్రాడి ముఖం చిన్నబోయింది. "అన్నా, స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఒట్టు!" అన్నాడు. అతను చెప్పింది నిజమే. మారింది స్క్రిప్ట్ కాదు, దాన్ని చదివే జీడీబీ. పాత మెషీన్‌లో 8.1 ఉండేది, కొత్తదాంట్లో 9వ వెర్షన్ వచ్చింది.

ఇలాంటిది మీకూ ఎదురైతే ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. కమిట్ అంటే కోడ్ చరిత్రలో నమోదైన ఒక్కో మార్పు. జీడీబీని ఉదాహరణగా తీసుకున్నా, సోర్స్ చేతిలో ఉన్న ఏ డీబగ్గర్‌కైనా ఇదే దారి. ఒక్కటి గుర్తుంచుకోండి: కమాండ్లను ఇక్కడ పలికే తీరులోనే తెలుగులో రాశాను, మీరు మాత్రం టెర్మినల్‌లో ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు మీ మెషీన్‌నే అనుమానించండి

సోర్స్ కోడ్ తెరవాలని చేతులు దురద పెడతాయి. అప్పుడే వద్దు. జీడీబీ మొదలవగానే మీ హోమ్ డైరెక్టరీలోని డాట్ జీడీబీఇనిట్‌ను, సిస్టమ్ మొత్తానికి పెట్టిన ఇనిట్ ఫైల్‌ను చదువుతుంది. పాత మెషీన్‌లో ఎవరో ఎప్పుడో అక్కడ రాసుకున్న ఒక చిన్న 'డిఫైన్' (సొంతంగా తయారుచేసుకున్న కమాండ్) కొత్త మెషీన్‌కు రాకపోయి ఉండొచ్చు. అందుకే రెండు మెషీన్లలోనూ 'జీడీబీ -ఎన్ఎక్స్ -బ్యాచ్ -ఎక్స్' అని కొట్టి, పక్కన మీ స్క్రిప్ట్ పేరు ఇచ్చి నడపండి. ఎన్ఎక్స్ అంటే ఏ ఇనిట్ ఫైల్ నూ చదవొద్దని. బ్యాచ్ పెడితే 'అవునా కాదా' అనే ప్రశ్నలు ఉండవు, పేజీ నిండగానే ఆగడం ఉండదు. ఇలా నడిపినా పాతదాంట్లో పనిచేసి, కొత్తదాంట్లో ఆగితేనే ముందుకు వెళ్లండి.

రెండో అనుమానం కంటికి కనిపించని అక్షరాల మీద. మన తెలుగువాళ్లకు ఇది ఎక్కువగా తగిలే దెబ్బ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. స్క్రిప్ట్‌లో వివరణలు తెలుగులో రాసుకోవడం మంచి అలవాటే, నేనూ రాస్తాను. కానీ తెలుగు టైప్ చేసే కీబోర్డులు పదాల మధ్య కనిపించని విడదీత గుర్తును పెడుతుంటాయి. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు 'ట్' కింద 'వ' వత్తు పడకుండా ఆపేది అదే. వివరణ లైన్‌లో ఉంటే దానితో గొడవ లేదు. అదే కీబోర్డు నుంచి ఇంగ్లీష్‌కు మారేటప్పుడు కమాండ్ పేరు మధ్యలో పడిందంటే, చూడటానికి అంతా సరిగ్గానే ఉంటుంది, జీడీబీ మాత్రం ఆ కమాండ్ తెలియదంటుంది. వాట్సాప్‌లో పంపిన స్క్రిప్ట్ కాపీ చేసుకుంటే మామూలు కోట్ గుర్తులు వంకర కోట్లు అయిపోవడం ఇంకో తంటా. విండోస్‌లో సేవ్ చేసిన ఫైల్‌కు ప్రతి లైన్ చివర ఒక అదనపు గుర్తు, కొన్నిసార్లు ఫైల్ మొదట్లో మూడు బైట్ల ముద్ర కూడా వస్తాయి.

వీటిని కళ్లతో వెతకొద్దు. 'ఓడీ -సీ' కమాండ్‌కు ఫైల్ పేరు ఇవ్వండి. ఇంగ్లీష్ అక్షరాలు అక్షరాలుగా, మిగతావి అంకెలుగా కనిపిస్తాయి. ఫైల్ మొదట్లో 357 273 277 కనిపిస్తే అది ఆ మూడు బైట్ల ముద్ర. 342 200 214 కనిపిస్తే అది మన విడదీత గుర్తు. లైన్ చివర బ్యాక్‌స్లాష్ ఆర్ ఉంటే విండోస్ ఫైల్. ఇక్కడే తేలిపోతే మీ ఆదివారం మీకే మిగులుతుంది. మా ఫైల్‌లో ఇవేవీ లేవు.

జీడీబీ ఏ దశలో ఆగిందో తేల్చుకోండి

స్క్రిప్ట్ ఆగిందనగానే 'పార్సింగ్ తప్పు' అనేస్తాం. కానీ జీడీబీ స్క్రిప్ట్‌ను రెండు దశల్లో చూస్తుంది. 'డిఫైన్', 'ఇఫ్', 'వైల్' లాంటివి కనిపించగానే 'ఎండ్' వచ్చేదాకా లోపలి లైన్లను పోగేసి దాచుకుంటుంది. అది మొదటి దశ. ఈ దశలో చూసేది ప్రధానంగా ఏ బ్లాక్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్నదే. లోపలి లైన్‌లో ఉన్నది నిజంగా ఒక కమాండ్ అవునో కాదో చూడదు. ఆ కమాండ్‌ను పిలిచినప్పుడు ఒక్కో లైన్ తీసి, పేరు ఏది, దానికి ఇచ్చిన వివరాలు ఏవి అని విడదీస్తుంది. అది రెండో దశ. మొదటి దశ కోడ్ సీఎల్ఐ అనే డైరెక్టరీలోని 'సీఎల్ఐ-స్క్రిప్ట్' ఫైల్‌లో, కమాండ్ పేరు గుర్తుపట్టే కోడ్ 'సీఎల్ఐ-డీకోడ్' ఫైల్‌లో ఉంటాయి. ఏ దశో తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

తేల్చుకోవడం సులువు. 'డిఫైన్' చేసిన కమాండ్‌ను పిలవకుండా ఫైల్‌ను చదివించి వదిలేయండి. అప్పుడే తప్పు వస్తే మొదటి దశ. చదివేశాక 'షో యూజర్' అని కొట్టి ఆ కమాండ్ పేరిస్తే జీడీబీ ఏం దాచుకుందో చూపిస్తుంది. మీరు రాసింది, అది దాచుకుంది ఒకటేనా అని పోల్చండి. ఒకటే అయితే తప్పు రెండో దశలో ఉన్నట్టు.

రెండో దశకు ఒక మంచి ఆయుధం ఉంది. స్క్రిప్ట్ మొదటి లైన్‌గా 'సెట్ ట్రేస్-కమాండ్స్ ఆన్' పెట్టండి. ఇక ప్రతి కమాండ్‌నూ నడిపే ముందు, ముందర ప్లస్ గుర్తుతో తెర మీద చూపిస్తుంది. ఒక కమాండ్ లోపల ఇంకోటి నడిస్తే ప్లస్‌లు పెరుగుతాయి. చివరి ప్లస్ లైన్ దగ్గరే మీ దొంగ ఉంటాడు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. తప్పు వచ్చినప్పుడు జీడీబీ ఫైల్ పేరు, లైన్ నంబర్ ఇచ్చి 'సోర్స్ చేసిన కమాండ్ ఫైల్‌లో తప్పు' అంటుంది. ఆ నంబర్ 'డిఫైన్' లోపలి లైన్‌ది కాదు, ఆ కమాండ్‌ను మీరు పిలిచిన లైన్‌ది. మా కుర్రాడు గంటసేపు ఆ పిలిచిన లైన్‌నే అటూ ఇటూ మార్చి చూశాడు పాపం.

ఇంకో ముఖ్యమైన సంగతి. కమాండ్ ఫైల్‌లో ఒక్క లైన్ తప్పినా జీడీబీ మిగతా ఫైల్‌ను వదిలేస్తుంది. మాకు డంప్ రాకపోవడానికి డంప్ కమాండ్‌తో సంబంధమే లేదు. దానికి ముందున్న ఒక లైన్ ఆగిపోయింది, డంప్ దాకా వెళ్లనే లేదు. ట్రేస్ పెట్టి చూస్తే ఆ చివరి ప్లస్ లైన్ ఇదీ:

+ఎకో...డంప్

దాని చివర కొత్త లైన్ కోసం బ్యాక్‌స్లాష్ ఎన్. దాని కిందే 'అన్‌డిఫైన్డ్ కమాండ్' అనే మాట. తెర మీద ఒక మాట చూపించే లైన్, అంతే. రాసినవాళ్లు ఎకోకూ చుక్కలకూ మధ్య ఖాళీ పెట్టడం మర్చిపోయారు. 8.1 దాన్ని ఏళ్ల తరబడి సరిగ్గానే చదివింది.

స్క్రిప్ట్‌ను రెండు లైన్లకు కుదించండి

200 లైన్ల స్క్రిప్ట్, ఒక బోర్డు, ఒక కేబుల్ పెట్టుకుని వెతికితే రోజులు పడతాయి. సగం తీసేసి నడపండి. తప్పు ఇంకా వస్తే మిగిలిన సగంలో సగం తీయండి. రాకపోతే తీసిన సగం తిరిగి పెట్టి రెండోది తీయండి. తీసేటప్పుడు 'డిఫైన్' నుంచి దాని 'ఎండ్' దాకా ముక్క మొత్తం తీయాలి. మధ్యలో కోస్తే కొత్త తప్పు పుడుతుంది, దాన్నే పాత తప్పు అనుకుంటారు.

తర్వాత బోర్డును తీసేయండి. ప్రోగ్రామ్ ఏదీ లోడ్ చేయకుండా కూడా తప్పు వస్తోందా? వస్తే చాలా మంచిది. ఇక ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా నడిపి చూడొచ్చు. మాది చివరికి రెండు లైన్లయింది. మొదటిది ఆ ఎకో లైన్. రెండోది మామూలుగా, మధ్యలో ఖాళీతో 'ఎకో' రాసి పక్కన 'పాస్' అనే మాట. మొదటి లైన్ తప్పితే రెండోది నడవదు కాబట్టి, తెర మీద 'పాస్' కనిపిస్తే బాగున్నట్టు, కనిపించకపోతే తప్పినట్టు. ఈ కుదింపు మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదని నా గట్టి నమ్మకం. తర్వాత వచ్చే ప్రతి మెట్టూ దీని మీదే నిలబడుతుంది.

రెండు కొసలు పాతండి

ఉబుంటు, డెబియన్ ఇచ్చే జీడీబీల్లో వాళ్ల సొంత ప్యాచ్‌లు కలిసి ఉంటాయి. తప్పు అసలు జీడీబీదా, ఆ ప్యాచ్‌లదా ముందే తేల్చుకోవాలి. జీడీబీ కోడ్ ఉండే సోర్స్‌వేర్ సైట్ నుంచి బినుటిల్స్-జీడీబీ రిపాజిటరీ (కోడ్, దాని మార్పుల చరిత్ర కలిసి ఉన్న నిల్వ) తెచ్చుకోండి. జీడీబీ 1986 నుంచి ఉన్నది. రిపాజిటరీ గిట్‌కు (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) మారింది 2013లో, అయినా పాత చరిత్రను కూడా తీసుకొచ్చారు కాబట్టి ఎంత వెనక్కైనా వెళ్లొచ్చు. డౌన్‌లోడ్ వందల ఎంబీల్లో ఉంటుంది. డేటా మిగులుతుందని ఒక్క కమిట్ లోతుకే తెచ్చుకోవద్దు, చరిత్ర లేకుండా మనం చేయబోయే పని సాగదు.

ఇందులో బిల్డ్ కోసం ఒక సలహా. 2019 నాటి కోడ్‌ను ఇవాళ్టి కంపైలర్‌తో కట్టబోతే అది సవాలక్ష వంకలు పెడుతుంది. డాకర్‌లో (మీ మెషీన్ లోపలే వేరే సిస్టమ్‌ను విడిగా నడిపే సాధనం) ఉబుంటు 18.04 తెరిచి దాని లోపల కడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. సోర్స్ డైరెక్టరీలో కాకుండా పక్కన వేరే డైరెక్టరీ పెట్టి అక్కడ కాన్ఫిగర్ చేయండి. హెచ్చరికలను తప్పులుగా తీసుకోకుండా 'డిజేబుల్-వెర్రర్', మన సమస్యకు పైథాన్ అక్కర్లేదు కాబట్టి 'విత్-పైథాన్=నో', లోపలికి తొంగి చూడటానికి వీలుగా కంపైలర్ ఫ్లాగ్‌లు '-జీ -ఓ0' ఇవ్వండి. 'మేక్ ఆల్-జీడీబీ' అంటే జీడీబీ, దానికి కావాల్సినవి మాత్రమే కడుతుంది. డాక్యుమెంట్లు కట్టకుండా ఉండాలంటే 'మేక్ఇన్ఫో=ట్రూ' కలపండి. కట్టిన జీడీబీని ఇన్‌స్టాల్ చేయకుండా నడిపేటప్పుడు 'డేటా-డైరెక్టరీ' ఆప్షన్‌తో బిల్డ్‌లోని అదే పేరున్న డైరెక్టరీని చూపించాలి. లేకపోతే తనకు కావాల్సిన ఫైళ్ల కోసం వేరే చోట వెతుకుతుంది, వచ్చే హెచ్చరికలు మీ తప్పుతో కలగలిసిపోతాయి.

ఇక వెతకడానికి రెండు కొసలు కావాలి: తప్పు లేని ఒక పాత కమిట్, తప్పు ఉన్న ఒక కొత్త కమిట్. వాటిని ఎంచుకునేటప్పుడు విడుదల ట్యాగ్‌లు కాకుండా 'బ్రాంచ్‌పాయింట్' ట్యాగ్‌లు తీసుకోండి. జీడీబీ ప్రతి విడుదలకూ ప్రధాన దారి నుంచి ఒక కొమ్మ చీల్చి, విడుదలను ఆ కొమ్మ మీద చేస్తారు. విడుదల ట్యాగ్‌లు ఇస్తే గిట్ ముందు ఆ కొమ్మలు కలిసే చోటుకు వెళ్లి పరీక్షించమంటుంది, లెక్క తికమకగా ఉంటుంది. మేం మంచి కొసగా 'జీడీబీ-8.3-బ్రాంచ్‌పాయింట్', చెడ్డ కొసగా 'జీడీబీ-9-బ్రాంచ్‌పాయింట్' పెట్టుకున్నాం. రెండూ మీ చేతులతో కట్టి, రెండు లైన్ల స్క్రిప్ట్ నడిపి, ఒకటి 'పాస్' అంటోందనీ, ఇంకోటి ఆగుతోందనీ కళ్లారా చూశాకే కదలండి.

తీర్పు చెప్పే స్క్రిప్ట్

గిట్ బైసెక్ట్ చేసే పని మీకు తెలిసే ఉంటుంది. మంచికీ చెడ్డకూ మధ్యలో ఉన్న కమిట్ తీసి ఇస్తుంది, మీరు మంచో చెడో చెబితే మిగిలిన సగంలోకి వెళ్తుంది. 4096 కమిట్లున్నా 12 ప్రశ్నల్లో అయిపోతుంది. ఆ జవాబులు మీరు చెప్పకుండా ఒక షెల్ స్క్రిప్ట్ చేత చెప్పించొచ్చు. దాని ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు తిరిగిచ్చే అంకె) 0 అయితే మంచి. 125 అయితే 'ఈ కమిట్ గురించి చెప్పలేను, వదిలెయ్'. 1 నుంచి 127 లోపు మిగతా ఏది వచ్చినా చెడు. 127 దాటితే బైసెక్ట్ అక్కడితో ఆగిపోతుంది.

ఈ షెల్ స్క్రిప్ట్‌ను రిపాజిటరీ బయట పెట్టండి. లోపల పెడితే కమిట్లు మారేటప్పుడు అడ్డం పడొచ్చు. ఇక దాంట్లో ఏం రాయాలన్నదే అసలు పనితనం.

మొదట బిల్డ్. 'మేక్' తప్పితే వెంటనే 125 ఇవ్వొద్దు. 2019, 2020 ప్రాంతంలో జీడీబీ లోపల ఉన్న కొన్ని డైరెక్టరీలను పై మెట్టుకు తెచ్చారు. అలాంటి కమిట్ దాటినప్పుడు పాత బిల్డ్ డైరెక్టరీ చెడిపోతుంది, కోడ్ మాత్రం బాగానే ఉంటుంది. కాబట్టి మేక్ తప్పితే బిల్డ్ డైరెక్టరీ మొత్తం తుడిచి, మళ్లీ కాన్ఫిగర్ చేసి కట్టమనండి. అప్పుడు కూడా తప్పితేనే 125. ఇది రాయకపోతే వరసగా డజన్ల కమిట్లు వదిలేసి, చివరికి 'వీటిలో ఏదో ఒకటి' అని ఒక పెద్ద జాబితా చేతిలో పెడుతుంది.

తర్వాత పరీక్ష. జీడీబీ తిరిగిచ్చే ఎగ్జిట్ కోడ్‌ను నమ్మొద్దు. బ్యాచ్‌లో కమాండ్ తప్పినప్పుడు అది ఏ కోడ్‌తో బయటికొస్తుందన్నది అన్ని వెర్షన్లలో ఒకేలా లేదు. తెర మీద వచ్చిన మాటలను ఫైల్‌లోకి పట్టి, గ్రెప్‌తో వెతకండి. 'పాస్' ఉంటే 0. మీరు మొదట చూసిన అదే తప్పు, అంటే 'అన్‌డిఫైన్డ్ కమాండ్' తర్వాత అదే ఎకో చుక్కల పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంటే 1. ఈ రెండూ లేకపోతే 125. ఈ మూడో మాట చాలామంది రాయరు. జీడీబీ అసలు మొదలవకుండానే కూలిపోయిన కమిట్ కూడా అప్పుడు 'చెడు' ఖాతాలో పడుతుంది, దారి తప్పి ఇంకెవరి తప్పునో తెచ్చి మీ ముందు పెడుతుంది. ఎప్పుడైనా హ్యాంగ్ అవ్వొచ్చు కాబట్టి జీడీబీ ముందు 'టైమ్‌అవుట్ 20' పెట్టండి.

స్క్రిప్ట్‌ను నడిపే ముందు రెండు కొసల మీదా చేత్తో పరీక్షించండి. మంచి కొస మీద 0, చెడ్డ కొస మీద 1 వచ్చిందా? రాకపోతే ఆ స్క్రిప్ట్‌లోనే పొరపాటు ఉంది.

నడపడం

'గిట్ బైసెక్ట్ స్టార్ట్' తర్వాత చెడ్డ కొస, మంచి కొస, రెండు గీతలు, 'జీడీబీ' అనే డైరెక్టరీ పేరు. చివర డైరెక్టరీ పేరు ఇస్తే దాన్ని తాకిన కమిట్లే పరిశీలిస్తుంది. ఈ రిపాజిటరీలో బినుటిల్స్ అనే వేరే సాధనాల కోడ్ కూడా కలిసి ఉంది, పైగా తేదీ మార్చడానికి రోజూ ఒక ఆటోమేటిక్ కమిట్ పడుతుంది. వాటన్నిటినీ ఇలా పక్కన పెట్టొచ్చు. కాకపోతే తప్పు రీడ్‌లైన్ లాంటి పక్క డైరెక్టరీలో ఉంటే ఈ గిరిలో దొరకదు. దొరికిన కమిట్ చూస్తే మీ సమస్యకు పొంతనే లేకపోతే, గిరి తీసేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఆ తర్వాత 'గిట్ బైసెక్ట్ రన్', పక్కన మీ స్క్రిప్ట్ దారి. ఇక అది పని చేసుకుంటుంది. నేను కూకట్‌పల్లిలో ఇంటి దగ్గర పాత డెస్క్‌టాప్ మీద దీన్ని మొదలుపెట్టి టీ పెట్టుకోవడానికి లేచాను. మే నెల సాయంత్రం. ఈదురుగాలి లేచింది, నాలుగు చినుకులు పడగానే కరెంట్ పోయింది. మొత్తం పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. పోలేదు. బైసెక్ట్ తన లెక్కంతా డాట్ గిట్ డైరెక్టరీలో రాసుకుంటుంది. కరెంట్ వచ్చాక అదే 'రన్' కమాండ్ మళ్లీ కొడితే ఆగిన చోటు నుంచే సాగింది. సగం కట్టిన ఫైళ్లు పాడై ఉంటాయని బిల్డ్ డైరెక్టరీని మాత్రం ముందు తుడిచేశాను. అప్పటి నుంచి 'గిట్ బైసెక్ట్ లాగ్' అవుట్‌పుట్‌ను మధ్యమధ్యలో వేరే ఫైల్‌లోకి తీసి పెడుతున్నాను. మధ్యలో ఒక తీర్పు తప్పని తేలినా, ఆ ఫైల్‌లో ఆ లైన్ దిద్ది 'గిట్ బైసెక్ట్ రీప్లే'కు ఇస్తే చాలు, మొదటి నుంచి రానక్కర్లేదు.

అంతా అయ్యాక 'గిట్ బైసెక్ట్ రీసెట్' కొట్టడం మరవొద్దు. లేదంటే మర్నాడు మీరు ఏ కమిట్ మీద ఉన్నారో మీకే తెలియదు.

దొరికిన కమిట్‌ను చదవడం

కమిట్ దొరకగానే దాన్ని తిప్పికొట్టేసి సంబరపడొద్దు. బైసెక్ట్ చెప్పేది 'ఎప్పటి నుంచి' అన్నది మాత్రమే. 'ఎందుకు' అన్నది మీరే చూడాలి. దానికి ఉత్తమమైన పద్ధతి జీడీబీని జీడీబీతోనే డీబగ్ చేయడం. పైన ఒక జీడీబీ, దాని కింద పరీక్షకు పెట్టిన జీడీబీ. బిల్డ్ డైరెక్టరీలో 'జీడీబీ-జీడీబీ' అనే చిన్న స్క్రిప్ట్ ఇందుకోసమే ఉంటుంది. అది పైదాని ప్రాంప్ట్‌ను 'టాప్-జీడీబీ' అని మారుస్తుంది, ఏది ఏదో తికమక పడకుండా.

మేం 'ఫైండ్_కమాండ్_నేమ్_లెంగ్త్' అనే ఫంక్షన్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టాం. లైన్‌లో కమాండ్ పేరు ఎన్ని అక్షరాల దాకా ఉందో లెక్కపెట్టేది అదే. మొదలయ్యేటప్పుడే జీడీబీ దాన్ని లెక్కలేనన్ని సార్లు పిలుస్తుంది కాబట్టి షరతు లేకుండా పెడితే చేతులు నొప్పి పుట్టేదాకా 'కంటిన్యూ' కొట్టాలి. 'టెక్స్ట్' అనే పారామీటర్‌లో మొదటి అక్షరం ఈ, అయిదో అక్షరం చుక్క అయితేనే ఆగమని షరతు పెట్టాం. ఆగింది. 'ఫినిష్' కొట్టాం. మంచి కమిట్‌లో తిరిగొచ్చిన సంఖ్య 4. చెడ్డ కమిట్‌లో 11.

ఈ రెండు అంకెల్లోనే కథంతా ఉంది. ఎకోకు ఇంగ్లీష్‌లో నాలుగు అక్షరాలు. మూడు చుక్కలు, డంప్‌కు నాలుగు అక్షరాలు కలిపితే 11. పాతది చుక్క దగ్గర ఆగి 'ఎకో' అనే కమాండ్, మిగతాది దానికిచ్చిన మాట అనుకుంది. కొత్తది చుక్కలను కూడా పేరులో కలుపుకుని, బ్యాక్‌స్లాష్ వచ్చాకే ఆగింది. ఆ పేరుతో కమాండ్ ఏదీ లేదు మరి.

ఫంక్షన్ లోపల చూస్తే పేరులో చెల్లే అక్షరాల జాబితాలో అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్‌లతో పాటు చుక్క చేరింది. పక్కనే ఉన్న వివరణ కూడా చదవండి. ఆశ్చర్యార్థకం లాంటి ఒంటి గుర్తు కమాండ్లను మాత్రం విడిగా గుర్తుపడతారు, షెల్ కమాండ్‌ను ఖాళీ లేకుండా దానికి అంటించి రాసినా నడవాలని. అంటే ఖాళీ లేకుండా రాసేవాళ్లు ఉన్నారని ఈ కోడ్ రాసినవాళ్లకు బాగా తెలుసు. చుక్క విషయంలో మాత్రం తెలిసే వేరే దారి ఎంచుకున్నారు.

అది బగ్గా, కాదా?

తెలిసే చేశారని నిర్ధారించుకోవాలంటే 'న్యూస్' ఫైల్ చూడాలి. జీడీబీ డైరెక్టరీలోనే ఉంటుంది, ప్రతి వెర్షన్‌లో ఏం మారిందో అందులో రాస్తారు. 9వ వెర్షన్ భాగంలో ఒక్క లైన్ ఉంది: కమాండ్ పేర్లలో ఇకపై చుక్క వాడొచ్చు. అదే మన సమస్య. కావాలని తెచ్చిన వసతి అది. ఖాళీ లేకుండా చుక్క అంటించి రాసిన మా లైన్ ఇన్నాళ్లూ నడవడం మా అదృష్టం. దీన్ని బగ్‌గా రిపోర్ట్ చేయడం న్యాయం కాదు. ఎకో తర్వాత ఒక ఖాళీ పెట్టాం. పాత 8.1లోనూ కొత్తదాంట్లోనూ అచ్చు ఒకేలా నడిచింది.

మీకు దొరికిన కమిట్ వేరేలా ఉండొచ్చు. కోడ్ సర్దుకునేటప్పుడు లైన్ ముందున్న ఖాళీలు తుడవడం మర్చిపోయి ఉండొచ్చు, లోపలి బ్లాక్ 'ఎండ్'ను బయటి బ్లాక్‌ది అనుకుని ఉండొచ్చు. న్యూస్‌లో లేక, కమిట్ సందేశంలో 'ప్రవర్తన మారదు' అని ఉండి, అయినా మారితే అది నిజమైన బగ్. అప్పుడు సోర్స్‌వేర్ బగ్‌జిల్లాలో జీడీబీ కింద రాయండి. మీ రెండు మూడు లైన్ల స్క్రిప్ట్, నడిపిన కమాండ్, పాత కొత్త వెర్షన్లలో వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, బైసెక్ట్ చూపిన కమిట్ సంఖ్య, ఏం రావాలని మీరు అనుకున్నారో ఒక వాక్యం. ఇవి చాలు. ఇంగ్లీష్ అంత బాగా రాదని వెనకాడొద్దు. రెండు లైన్ల స్క్రిప్ట్, ఒక కమిట్ సంఖ్య ఉన్న రిపోర్ట్‌ను అర్థం చేసుకోవడానికి ఎవరికీ పెద్ద భాష అక్కర్లేదు. అమీర్‌పేటలో కోర్సు చేసి ఇప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్లు కూడా ఇలాంటి రిపోర్ట్ రాయగలరు, రాయాలి కూడా.

దిద్దుబాటు మీరే పంపాలనుకుంటే దానితో పాటు ఒక టెస్ట్ కూడా ఇవ్వండి. జీడీబీ టెస్టులు డెజాగ్నూ అనే టెస్టింగ్ సాధనం మీద నడుస్తాయి. స్క్రిప్ట్ పార్సింగ్‌కు సంబంధించినవి 'జీడీబీ.బేస్' డైరెక్టరీలో 'డిఫైన్', 'కమాండ్స్', 'సోర్స్' అనే పేర్లతో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తెరిచి పక్కన మీ రెండు లైన్లు చేర్చడమే సులువైన దారి. 'మేక్ చెక్'కు ఆ ఒక్క టెస్ట్ పేరే ఇస్తే మొత్తం నడిచేదాకా కూర్చోనక్కర్లేదు. మార్పు పెద్దదైతే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు కాపీరైట్ రాసిచ్చే కాగితాలు కావాలి. దానికి సమయం పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి.

మిగతా స్క్రిప్ట్‌లు

ఒక చోట ఉన్న అలవాటు ఇంకో చోటా ఉంటుంది. కారణం తెలిసిన రోజే ల్యాబ్‌లోని స్క్రిప్ట్‌లన్నిటి మీదా గ్రెప్ నడిపాం. లైన్ మొదట్లో ఖాళీలు ఉన్నా లేకపోయినా, ఒక పదం, వెంటనే ఖాళీ లేకుండా చుక్క ఉన్న లైన్లన్నీ చూపమన్నాం. ఇంకో మూడు ఫైళ్లలో దొరికాయి, అన్నీ ఎకోలే. ఒకటి 'డిఫైన్' లోపల, అది కూడా బోర్డు వేడెక్కితేనే నడిచే 'ఇఫ్' కింద ఉంది. ఫైల్‌ను చదివించినంత మాత్రాన అది బయటపడదు, నడిచినప్పుడే తెలుస్తుంది. ఏ ఏప్రిల్ మధ్యాహ్నమో ల్యాబ్ ఏసీ ఆగిపోయిన రోజున బయటపడేది. అందుకే ఇప్పుడు ప్రతి 'డిఫైన్'నూ బోర్డు లేకుండా ఉత్తుత్తి విలువలతో ఒకసారి పిలిచే చిన్న ఫైల్ రాసి పెట్టాం. కొత్త జీడీబీ వచ్చినప్పుడల్లా, దాన్ని ల్యాబ్ మెషీన్‌లో వేయకముందే, మా కుర్రాడు డాకర్‌లో ఆ ఫైల్‌ను ఎన్ఎక్స్, బ్యాచ్ పెట్టి నడిపి, చివర్లో 'పాస్' వచ్చిందో లేదో చూస్తాడు.